కొనకూడని మొక్క

కాలేజీ వెనక గోడ పక్కనున్న కూరగాయల మడిలో ఫోనుకి సిగ్నల్ రాదు. రెబ్కా తొమ్మిదేళ్లుగా గార్డెనింగ్ క్లబ్‌కి ఇన్‌ఛార్జిగా ఉండటానికి అసలు కారణం అదే. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లకి మట్టంటే ప్రాణమని చెప్పేది. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పే మనిషి ఆ మాటంటే ఎవరూ తిరిగి అడగరు.

మధ్యాహ్నం కాగానే డబ్బా పట్టుకుని వెళ్లి, బోర్లించిన పెయింటు బకెట్ మీద కూర్చుని, ముల్లంగి వరసలని చూస్తూ అన్నం తినేది. ఆ కాసేపూ స్టాఫ్ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, చర్చి క్వయర్ గ్రూపు, క్వయర్‌లో అలిగి బయటికొచ్చినవాళ్లు పెట్టుకున్న వేరే గ్రూపు, ఏదీ ఆమెని పట్టుకోలేకపోయేది. డబ్బా మూత పెట్టి వేపచెట్టు దాటి ఇవతలికి రాగానే అన్నీ ఒక్కసారే మీద పడేవి. చచ్చిపోయినవాళ్ల వార్తలూ, పుట్టినరోజు శుభాకాంక్షలూ, లిఫ్టులో ఎవరి కుక్క ఏం చేసిందన్న ఫొటోలూ కలిసి వచ్చేవి. ఒకసారి ఆ తొందరలో కుక్క ఫొటోకి చేతులు జోడించి సంతాపం తెలియజేసింది కూడా.

క్లబ్ విషయానికొస్తే, వాట్సాప్‌లో చేరిన విద్యార్థులు ఒక బస్సు నిండా ఉంటారు. మడిలోకి దిగేవాళ్లు ఒక ఆటోలో సరిపోతారు. మిగతావాళ్లు సర్టిఫికెట్లు ఇచ్చే రోజున తెల్లబట్టల్లో వచ్చి పార పట్టుకుని ఫొటో దిగుతారు. పార తలకిందులుగా పట్టుకున్న ఒక ఫొటో కాలేజీ సంచిక ముఖచిత్రంగా కూడా వచ్చింది. చాలా సహజంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు.

జనవరి చివర్లో ప్రిన్సిపల్ గారు రెబ్కాని పిలిచారు. దేశ రాజధానిలో కాలేజీ కాబట్టి ఆయన హిందీలోనే మాట్లాడతారు, అదీ మర్యాదగా. మర్యాద ఎంత ఎక్కువైతే కబురు అంత చెడ్డదని స్టాఫ్ అందరికీ తెలుసు. ఆ రోజు బిస్కెట్లు కూడా తెప్పించారు.

"రెబ్కాజీ, స్టాఫ్ కార్లకి చోటు చాలడం లేదు. మడి తీసేసి టైల్స్ వేయిద్దామని అందరూ అంటున్నారు."

అందరిలోనూ మొదటివాడు పర్యావరణం పాఠం చెప్పే ఆయన. కొత్తగా పెద్ద కారు కొన్నాడు. చెట్టు కింద పెడితే పక్షులు పాడుచేస్తున్నాయని ఆయన బాధ.

"పిల్లలు కష్టపడి పెంచుతున్నారు సర్," అంది రెబ్కా.

"పెంచుతున్నారు, కాదనను. పోయిన ఏడాది సేల్‌లో మిగిలిన మొక్కలు గుర్తున్నాయా?"

గుర్తున్నాయి. వాటిని మెట్ల కింద పెట్టారు. నీళ్లు పోసే డ్యూటీ ఎవరిదో తేలేలోపు ఎండిపోయాయి. బయటినుంచి తనిఖీకి వచ్చిన బృందాన్ని ప్రిన్సిపల్ గారు "మాది గ్రీన్ క్యాంపస్" అని చెబుతూ సరిగ్గా ఆ ఎండిన కుండీల మధ్యనుంచే నడిపించుకెళ్లారు.

"ఈసారి ఒకటే మాట. సేల్ రోజు సాయంత్రం నేను వచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంటే మడి మీది. ఒక్క కుండీ మిగిలినా టైల్స్ వేసేవాడు సోమవారం వస్తాడు. ఉచితంగా పంచిపెట్టకూడదు. అలా పంచితే దాన్ని సేల్ అనరు, ప్రసాదం అంటారు. మీరు కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్లడం కూడా కుదరదు." ప్లేటు ముందుకు జరిపారు. "బిస్కెట్ లీజియే."

రెబ్కా బిస్కెట్ తీసుకుంది. కార్ల మధ్య బకెట్ వేసుకుని డబ్బా తినడం ఎలా ఉంటుందో ఊహించుకుంది. పైగా టైల్స్‌తో పాటు అక్కడ సిగ్నల్ బూస్టర్ కూడా పెట్టిస్తారట. బిస్కెట్ మెత్తబడిపోయి ఉంది.

క్లబ్ ప్రెసిడెంట్ నవదీప్ ఇందిరాపురంలో పెరిగిన తెలుగు పిల్లవాడు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. రోజూ మెట్రోలో ఊరి ఈ చివర నుంచి ఆ చివరికి వస్తాడు కాబట్టి కాలేజీకి వచ్చేసరికే అలిసిపోయి ఉంటాడు. ఆ ఒక్క విషయంలో రెబ్కాకి అతనంటే అభిమానం.

"ఈసారి ఏం పెడదాంరా?"

"మేడమ్, కుఛ్ ఐసా జో మరే నా."

చావని మొక్క కావాలి. అందులో తప్పేమీ లేదు. పోయినేడు పిల్లలు గులాబీలని అతిగా నీళ్లు పోసి చంపారు, జెరేనియాలని పోయకుండా చంపారు. ఎవరెంత పాటుపడినా చావని మొక్క రెబ్కాకి ఒకటే తెలుసు. కెమిస్ట్రీ ల్యాబ్ గోడ నిండా పాకి, ఆసిడ్ పొగలు పీల్చి కూడా బలిసిన మనీప్లాంట్. దాన్ని తుంచి కొమ్మలు పాతమంది. పిల్లలు కుండీల మీద కళ్లూ ముక్కూ నవ్వుమొహాలూ పెయింట్ చేశారు. నవదీప్ చేతి వణుకు వల్ల ఒకదానికి మాత్రం నవ్వు బదులు మీసం వచ్చింది.

మనీప్లాంట్ రెబ్కాకి కొత్తేమీ కాదు. జనక్‌పురిలో వాళ్ల హాలు సగం మనీప్లాంటే. తల్లి మాణిక్యాంబ హెడ్ నర్సుగా పనిచేసిన రోజుల్లో ఆసుపత్రి రిసెప్షన్‌లోంచి ఆప్రాన్ జేబులో పెట్టుకొచ్చిన కొమ్మ అది. మాణిక్యాంబ చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. రెబ్కా అదే చర్చిలో ఆదివారం పిల్లలకి పది ఆజ్ఞలు చెప్పే మనిషి. ఎనిమిదోది, దొంగతనం గురించినది, వచ్చినప్పుడల్లా హాల్లో ఉన్న తీగ గుర్తొచ్చి గొంతు సవరించుకునేది. ఇదొక కుటుంబ రహస్యమనీ, ఇన్ని కోట్ల మంది ఉన్న ఊళ్లో మనీప్లాంట్ కాజేసిన మనిషి తన తల్లి ఒక్కతేననీ ఆమె నమ్మకం.

ఫిబ్రవరిలో ఒక శనివారం గేటు దగ్గర బల్లలు వేసి సేల్ పెట్టారు. చుట్టుపక్కల కాలనీల వాళ్లు వచ్చారు. మెంతికూర కట్టలు, పాలకూర, ముల్లంగి, టమాటా నారు, మిర్చి నారు, వంగ నారు ఒక పక్క. మనీప్లాంట్లు ఇంకో పక్క, ఒక బల్ల నిండా.

మొదట వచ్చినావిడ ఒక మెంతికూర కట్ట కొని, కొసరుగా వేసే కొత్తిమీర కోసం సంచి తెరిచే ఉంచింది.

"ధనియా?"

"ధనియా నహీ హై ఆంటీ," అన్నాడు నవదీప్.

"ఫ్రీ వాలా?"

"ఫ్రీ వాలా భీ నహీ హై."

"మిర్చీ తో దోగే?"

నవదీప్ వెళ్లి మిర్చి నారు మొక్క ఒకటి తెచ్చి, రెండు నెలలాగితే కాస్తుందని సంచిలో పెట్టాడు. "బస్ దో మహీనే రుక్ జాయియే."

ఇంకొకాయన ముల్లంగి ఆకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చిల్లు వెతికాడు. దొరికింది. పురుగు తిన్నదని పక్కన పెట్టాడు. రెండో కట్టలో చిల్లు దొరకలేదు. పురుగు కూడా ముట్టలేదంటే మందు కొట్టారన్నమాట అని అదీ పక్కన పెట్టాడు. చివరికి మొదటి కట్టే తీసుకుని, పురుగు తిన్న మేరకి తగ్గించమన్నాడు.

తర్వాతి ఆయనకి ఎండ అక్కర్లేని, నీళ్లు పోయనక్కర్లేని, మట్టి రాలని, ఏడాది పొడుగునా పూసే మొక్క కావాలట.

"ప్లాస్టిక్‌వి మెట్రో స్టేషన్ బయట అమ్ముతారండీ," అంది రెబ్కా హిందీలో. అప్పటికే ఆమెకి నడుం లాగుతోంది.

ఆయన మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పి, ఏ గేటు దగ్గరో కూడా కనుక్కుని వెళ్లాడు.

మధ్యాహ్నానికి కూరలన్నీ అయిపోయాయి. నారు మొక్కలు అయిపోయాయి. చిల్లుల ముల్లంగి కూడా పోయింది. మనీప్లాంట్లు మాత్రం పొద్దున ఎన్ని ఉన్నాయో అన్నీ ఉన్నాయి. జనం రాకపోవడం వల్ల కాదు. అందరూ ఆ బల్ల దగ్గరికే వస్తున్నారు. ఆకులు నిమురుతున్నారు. కుండీ ఎత్తి కింద చూస్తున్నారు. రెబ్కా వైపు ఒకసారి చూసి, పెట్టేసి వెళ్తున్నారు. కాసేపయ్యాక మళ్లీ వస్తున్నారు. ఒకటి కొంటే ఒకటి ఉచితమని నవదీప్ అట్టముక్క మీద రాసి పెట్టాడు. దాన్ని చదివినవాళ్లు బల్లకి ఇంకో అడుగు దూరం జరిగారు.

రెబ్కా కుర్చీలో వెనక్కి వాలింది. పోతే పోనీ, అనుకుంది. ఏటా చీడలు, కోతులు, సర్టిఫికెట్లు. తనకీ వయసు పైబడుతోంది. కారు లేకపోయినా పార్కింగు ఉంటుంది కదా. ఆ మాటతో మనసుని ఊరడించుకుంటూ ఉండగానే ఫోన్ మోగడం మొదలైంది. క్వయర్ గ్రూపులో ఎవరో మళ్లీ అలిగారు.

అప్పుడు వచ్చారు సదాశివరావు దంపతులు. ఆయన ఆడిట్ ఉద్యోగంలో జీవితమంతా ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టి రిటైరయ్యారు. జనక్‌పురి తెలుగువాళ్ల సంఘం మీటింగుల్లో టీ కప్పులు కూడా లెక్కపెట్టిస్తారు. భార్య సుభద్ర చేతిలో ఖాళీ సంచి ఉంది.

"ఏమ్మా రెబ్కా," అన్నారాయన గొంతు తగ్గించి, "నువ్విట్లా ఎదురుగా కూర్చుంటే ఎట్లా?"

"కూర్చోకపోతే ఎవరమ్ముతారంకుల్?"

"అదే చెప్తున్నా. మేమొచ్చి గంటైంది. నువ్వు లేస్తావేమోనని ఆ గేటు దగ్గరే నిలబడ్డాం. కాళ్లు పీకుతున్నాయి."

రెబ్కాకి అర్థం కాలేదు. సుభద్ర ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"మనీప్లాంట్ ఎవరన్నా కొంటారామ్మా? కొంటే ఉన్న డబ్బు కూడా పోద్ది. చెప్పకుండా తెచ్చుకోవాలి."

"చెప్పకుండా అంటే?"

"అంటే... చెప్పకుండా."

"దొంగతనమా ఆంటీ?"

"అంత మాటెందుకమ్మా," అన్నారు సదాశివరావు నొచ్చుకుని. "ఓనర్ నోటీసులో లేకుండా చేతులు మారడం. అంతే. ఇంట్లోకి లక్ష్మి వచ్చే విషయం. రసీదు రాయించుకుని తెచ్చుకుంటామా?"

రెబ్కా నవదీప్‌ని పిలిచింది. "నీకు తెలుసా ఇది?"

"సబ్‌కో పతా హై మేడమ్." అందరికీ తెలుసట.

"మరి పాతేటప్పుడు చెప్పలేదేంరా?"

"ఆప్‌కీ తో బాటనీ మే పీహెచ్‌డీ హై," అన్నాడు, మీకు తెలిసే ఉంటుందనుకున్నానన్న గౌరవంతో. "ముఝే లగా ఆప్‌కో పతా హోగా."

రెబ్కా పక్కకి వెళ్లి ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, మన హాల్లో మనీప్లాంట్ అప్పుడెందుకు కాజేశావు?"

"కాజేయడమేంటే. తుంచుకున్నా," అంది మాణిక్యాంబ. "కొంటే అచ్చిరాదు. లోకమంతా తెలుసు."

"మనకి అచ్చొచ్చిందా మరి?"

"నీ ఉద్యోగం పర్మనెంటవ్వలా?"

"అది ఇంటర్వ్యూకి వెళ్తే అయిందమ్మా."

"నువ్వు ఇంటర్వ్యూకెళ్లావు. అది ఇంట్లో ఉంది. ఎవరి పని వాళ్లు చేశారు."

రెబ్కా మడి సంగతి, బల్ల సంగతి, ప్రిన్సిపల్ గారి మాట అన్నీ చెప్పింది. "ఆదివారం పొద్దున పిల్లలకి దొంగతనం చేయకూడదని చెప్పాలమ్మా నేను. శనివారం బల్ల పరిచి చేయిస్తే ఎలా ఉంటుంది?"

ఫోన్ అవతల కుక్కర్ కూసింది. మాణిక్యాంబ ఆ కూత అయ్యేదాకా ఆగింది.

"నువ్వు తీసుకుంటున్నావా? కళ్లు మూసుకుంటున్నావు. ప్రార్థనలో రోజూ మూసుకునేవే కదా. వచ్చేటప్పుడు కరివేపాకు తీసుకురా. కొనే తీసుకురా, దానికేం లేదు."

రెబ్కా తిరిగొచ్చి పిల్లలందరినీ సమోసాలు తినమని క్యాంటీన్‌కి పంపింది. పరీక్ష పేపర్ల కట్ట తెచ్చుకుంది. కుర్చీని పట్టుకుని, బల్లకి వీపు వచ్చేలా, గోడ వైపు తిప్పుకుని కూర్చుంది. ఎర్ర పెన్ను మూత తీసింది.

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత చెప్పుల చప్పుడు. ఒక దగ్గు. మట్టి కుండీ బల్ల మీద ఈడ్చిన శబ్దం. మళ్లీ చెప్పులు, ఈసారి వేగంగా.

కిరణజన్య సంయోగక్రియకి కావలసినవి రాయమంటే ఎవరో 'సూర్యుడు, నీళ్లు, ఓపిక' అని రాశారు. రెబ్కా ఆలోచించి సగం మార్కు వేసింది.

"ఎక్స్‌క్యూజ్ మీ," ఎర్ర కుండీయా నీలం కుండీయా తేల్చుకోలేక వెనక నుంచి ఒక ఆడగొంతు. "యే లాల్ గమ్లే వాలా ఠీక్ హై, యా నీలా?"

"నేను లేనండీ," అంది రెబ్కా, తిరగకుండా, హిందీలో.

"అచ్ఛా, సారీ." ఆమె రెండూ పట్టుకెళ్లినట్టుంది.

ఇంకాసేపటికి జనం పెరిగారు. టికెట్ల దగ్గర, లిఫ్టుల దగ్గర, ప్రసాదాల దగ్గర ఎక్కడా నిలబడని మనుషులు ఇక్కడ వరస కట్టారు. ఎవరో మధ్యలో దూరితే ఎవరో "భాయీసాబ్, లైన్ సే ఆయియే, చోరీ కా భీ కోయీ తరీకా హోతా హై" అని దొంగతనానికీ ఒక పద్ధతుందని గుర్తుచేశారు. ఒకాయన గేటు దగ్గరున్న గార్డుని సంచి అడిగాడు. గార్డు సంచి లేదని, కుండీని తనే మోసుకెళ్లి కారులో పెట్టి, తలుపు వేసి, సలాం కొట్టాడు. ఒకావిడ నిజాయితీపరురాలు. కొమ్మ మాత్రమే తుంచుకుని కుండీ వదిలేసింది. ఆ వెనకావిడ ఆ మొండిని కూడా వదల్లేదు. వేరు ఉంది కదా, వస్తుంది అంది.

సదాశివరావు గొంతు చెవి దగ్గర వినపడింది. "అమ్మా, నువ్వు తిరగొద్దు. ఒక్క సందేహం. మాది తీసుకున్నాం. గుర్గావ్‌లో మా అబ్బాయి ఉన్నాడు, వాడికి టైముండదు. వాడి తరఫున నేను తీస్తే వాడికి ఫలిస్తుందా, నాకు ఫలిస్తుందా?"

రెబ్కా పేపరు దిద్దుతూనే ఉంది. "ఆథరైజేషన్ ఉందా అంకుల్?"

ఆయన పక్కకి వెళ్లి ఫోన్ చేశారు. "ఒరేయ్, మెసేజ్ పెట్టు. రాతపూర్వకంగా పెట్టు," అనడం వినిపించింది.

ఎండ గోడ మీద పైకి ఎక్కి పోయింది. పేపర్లు అయిపోయాయి. వెనక చప్పుడూ ఆగిపోయింది. రెబ్కా మెల్లగా తిరిగి చూసింది. బల్ల మీద ఒకే ఒక్క కుండీ ఉంది. మీసం కుండీ. దానికి రెండాకులు, అందులో ఒకటి పసుపు. దాన్ని దొంగలు కూడా వద్దనుకున్నారు.

అవతలి నుంచి ప్రిన్సిపల్ గారు వస్తున్నారు, భుజానికి తోలు సంచితో. గేటు దగ్గర మనిషన్నవాడు లేడు. గార్డు కూడా టీకి వెళ్లాడు.

ఆయన బల్ల చుట్టూ ఒకసారి తిరిగారు. వంగి కింద కూడా చూశారు.

"రెబ్కాజీ, కమాల్ హై. అన్నీ పోయాయే." వేలు చూపించారు. "కానీ ఏక్ బచ్ గయా."

"అవును సర్."

"నేనేమో మాట ఇచ్చాను. స్టాఫ్ అడుగుతారు."

ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. చెయ్యి మాత్రం పసుపు ఆకుని నిమురుతోంది. పొద్దుటి నుంచి అలా నిమిరిన చేతులని రెబ్కా చాలా చూసింది. అది ధర అడిగే చెయ్యి కాదు.

ఆమెకి ఇంకేం మాట్లాడే ఓపిక లేదు. లేచి నిలబడింది.

"సర్, చేతులు మట్టిగా ఉన్నాయి. కడుక్కుని వస్తాను. కాసేపు బల్ల చూస్తూ ఉంటారా?"

మడి దగ్గర కుళాయి ఎప్పుడో పాడైంది కాబట్టి ల్యాబ్ దాకా నడవాలి. నడిచింది. చేతులకి మట్టి లేదు, ఎర్ర ఇంకు ఉంది. ఆపరేషన్‌కి ముందు నర్సులు కడుక్కునే పద్ధతిని తల్లి చిన్నప్పుడు నేర్పినట్టు, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, మణికట్టు దాకా కడుక్కుంది. తుడుచుకుంది. ఎందుకైనా మంచిదని మళ్లీ కడుక్కుంది.

తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ. ప్రిన్సిపల్ గారు ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. తోలు సంచి పక్కకి ఉబ్బింది. జిప్పు చివర పసుపు ఆకు ఒకటి బయటికి వేలాడుతోంది.

"దేఖియే," అన్నారాయన. "ఖాళీ."

"అవును సర్. ఖాళీ."

"ఎవరో వచ్చారు. నేను అటు తిరిగి ఉన్నాను."

"పర్లేదు సర్. నేనూ మధ్యాహ్నం నుంచి అటు తిరిగే ఉన్నాను."

ఇద్దరూ కాసేపు ఖాళీ బల్లని చూశారు.

"సో, మడి మీదే," అన్నారు ప్రిన్సిపల్ గారు, సంచిని జాగ్రత్తగా రెండో భుజానికి మార్చుకుంటూ. రెబ్కాకి నడుం నొప్పి ఒక్క క్షణం తగ్గినట్టనిపించింది. ఆయన రెండడుగులు వేసి ఆగారు. "ఇంకో మాట. అక్కడ సిగ్నల్ రాదని పిల్లలు కంప్లైంట్ చేస్తున్నారు. బూస్టర్ బదులు ఏకంగా వైఫై పెట్టించేద్దాం. స్మార్ట్ గార్డెన్. మీరు డబ్బా తింటూ కూడా మీటింగులకి జాయిన్ అవ్వచ్చు."

నొప్పి తిరిగొచ్చింది.

కుళాయి బాగు చేయించడానికి ఫైలు పెట్టింది తనకన్నా ముందున్న ఇన్‌ఛార్జి. ఆయన పద్ధతైన మనిషి, అన్ని కాగితాలూ జతచేసి, అన్ని సంతకాలూ పెట్టించి పంపాడు. అది ఇంకా ఏదో సెక్షన్‌లో తిరుగుతోంది. ఆయన రిటైరై మనవరాలికి పెళ్లి కూడా చేశాడు.

"చాలా మంచి ఆలోచన సర్," అంది రెబ్కా. "మీరు శ్రమపడకండి. ఫైలు నేనే పెడతాను."

సోమవారం మధ్యాహ్నం ఆమె వేపచెట్టు దాటి మడిలోకి వెళ్లింది. హ్యాండ్‌బ్యాగులో ఫోను ఒకసారి వణికి, ఊరుకుంది. బకెట్ బోర్లించుకుని కూర్చుని, ఫైలుకి ఏ కాగితం జతచేయకుండా ఉంటే బావుంటుందా అని నిదానంగా ఆలోచిస్తూ, పప్పన్నం కలుపుకుంది.